వైజాగ్ ఉక్కపోతలో సింగిల్ క్యాస్క్ విస్కీ, పాత ఆర్మన్యాక్: ఐస్ వేసే ముందు ఇది చదువు

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, ముందు దాన్ని కుదించి చెప్తాను, చదివే మిగతావాళ్లకీ ఉపయోగపడుతుంది. సింగపూర్ నుంచి మీ బావగారు రెండు బాటిల్స్ తెచ్చారు. ఒకటి కల్ ఈలా అనే స్కాచ్ విస్కీ, సింగిల్ క్యాస్క్, అంటే ఒకే పీపాలోంచి నింపింది, 11 ఏళ్లది, డిస్టిలరీది కాకుండా ఒక ఇండిపెండెంట్ బాట్లర్ లేబుల్‌తో వచ్చింది, దాని మీద రీఫిల్ హాగ్స్‌హెడ్, 58.3 శాతం, 268 బాటిల్స్ అని రాసుంది. రెండోది బా-ఆర్మన్యాక్ అనే ఫ్రెంచ్ బ్రాందీ, ముందు 1998 అని పెద్దక్షరాలు, వెనక 2021లో నింపినట్టు చిన్న ముక్క. శనివారం ఎంవీపీ కాలనీలో మీ ఫ్లాట్‌లో నలుగురు సిట్టింగ్. విస్కీ నీళ్లు కలిపినట్టు లేతగా ఉందని, కొంచెం పోసి ఐస్ వేస్తే మసకబారిందని, డూప్లికేటేమోనని ఒక ఫ్రెండ్ అనుమానం. బ్రాందీ వయసు 1998 నుంచి ఇవాళ్టిదాకా లెక్కేసుకోవచ్చా, ఎక్స్ఓ (బ్రాందీ లేబుల్ మీద వేసే వయసు గ్రేడు) కంటే గొప్పదా, ఏది ముందు తాగాలి, సోడానా నీళ్లా, మళ్లీ తెప్పించుకోవాలా. ఇవీ నీ సందేహాలు.

డూప్లికేట్ గోల ముందు తీసేద్దాం. మనం షాపుల్లో చూసే విస్కీలన్నీ ఇంచుమించు ఒకే తేనె రంగులో ఉండటానికి కారణం కారమెల్, అంటే మాడ్చిన చక్కెర రంగు. స్కాచ్‌లో కూడా ఆ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా కనపడకూడదని కలుపుతారు. నీ బాటిల్లో అది లేదు. రీఫిల్ అంటే ఆ పీపాలో ఇంతకుముందే ఒకసారో రెండుసార్లో స్కాచ్ మాగింది, చెక్కలో ఉన్న రంగులో ఎక్కువ భాగం ఆ పాత సరుకే లాగేసుకుంది. అందుకే పదకొండేళ్లు ఉన్నా ఎండుగడ్డి రంగు దాటదు. నిజానికి రీఫిల్ అని రాసి ముదురు గోధుమ రంగులో ఉంటే నాకు అప్పుడు అనుమానం వస్తుంది.

మసకబారడం ఇంకా మంచి కబురు. స్పిరిట్‌లో సహజంగా కొన్ని కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఉంటాయి, ఆల్కహాల్ సుమారు 46 శాతం పైన ఉన్నంతసేపు అవి కరిగే ఉంటాయి, నీళ్లు పడినా చల్లబడినా బయటపడి గ్లాసు మబ్బుపడుతుంది. కొనేవాళ్లు దాన్ని చూసి కంగారుపడతారని చాలా కంపెనీలు సరుకును సున్నా డిగ్రీల దాకా చల్లబరిచి వడకట్టేస్తాయి. నీది వడకట్టనిది, అంతే. ఐస్ మాత్రం మానెయ్. మసక గురించి కాదు, చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది, ఇలాంటి బాటిల్‌లో నువ్వు డబ్బు పెట్టేదే వాసనకి.

ఇండిపెండెంట్ బాట్లర్ అంటే నకిలీ కంపెనీ అనుకునేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. స్కాట్లండ్‌లో బ్లెండ్లు (చాలా డిస్టిలరీల విస్కీలు కలిపినవి) చేసే కంపెనీలు ఒకరి పీపాలు ఒకరు మార్చుకోవడం, మిగిలినవి బ్రోకర్లకు అమ్మడం ఎప్పటినుంచో ఉంది. అలా బయటికొచ్చిన పీపాలు కొని, అవసరమైతే ఇంకొన్నాళ్లు మాగబెట్టి, సొంత లేబుల్‌తో నింపేవాళ్లే వీళ్లు. కేడెన్‌హెడ్ 1842లో ఆబర్డీన్‌లో మొదలై ఇప్పుడు క్యాంబెల్‌టౌన్‌లో ఉంది, ఎల్గిన్‌లోని గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 1895 నాటిది, సిగ్నేటరీ 1988లో వచ్చింది. 1983లో పుట్టిన ఎడిన్‌బరో సంస్థ స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అయితే డిస్టిలరీ పేరే వెయ్యదు, నంబరే వేస్తుంది, వాళ్ల 53 నీ కల్ ఈలాయే. ఈ డిస్టిలరీ ఐలా ద్వీపంలో అన్నిటికంటే పెద్దది, సరుకు ఎక్కువగా జానీ వాకర్ లాంటి బ్లెండ్లలోకి పోతుంది, కాబట్టి దాని పీపాలు బయటివాళ్లకు దొరకడం మిగతావాటి కంటే తేలిక. ఇవి మన షాపుల్లో ఎందుకు కనపడవంటే, రాష్ట్రంలో ఏ సరుకు అమ్మాలన్నా ఎక్సైజ్ వాళ్ల దగ్గర బ్రాండు రిజిస్టర్ చేయించి ఫీజు కట్టాలి. 268 బాటిల్స్ కోసం ఆ ఫైలు పట్టుకుని తిరిగేదెవరు?

ఇప్పుడు లేబుల్ మీద అంకెలు చూద్దాం, నాకు ఈ భాగం మహా ఇష్టం. హాగ్స్‌హెడ్ అంటే సుమారు 250 లీటర్ల పీపా. స్కాట్లండ్ చలిలో ఏడాదికి ఇంచుమించు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ లెక్కన పదకొండేళ్లకు అయిదో వంతు పోయి 200 లీటర్లు మిగులుతాయి, 700 మిల్లీ చొప్పున నింపితే 285 బాటిల్స్. నీ దాని మీద 268 ఉంది, అంటే పీపా మొత్తం, నీళ్లు కలపకుండా, ఒకే లేబుల్ కింద పోశారని నమ్మొచ్చు. ఇదే హాగ్స్‌హెడ్ అని రాసి 60 బాటిల్స్ అని ఉంటే ఆ పీపాను నలుగురైదుగురు పంచుకుని తలా ఒక లేబుల్ వేసుకున్నారని అర్థం, అందులో తప్పేం లేదు కానీ 'అరవయ్యే ఉన్నాయి' అని ధర పెంచితే మాత్రం మోసపోకు. 58.3 కూడా సరిపోతోంది. పీపాలో పోసేటప్పుడు సాధారణంగా 63.5 శాతం ఉంటుంది, అక్కడి తేమలో ఆల్కహాల్ మెల్లగా దిగుతూ వస్తుంది.

మన వాతావరణంలో ఈ లెక్కలన్నీ తలకిందులు. బెంగళూరులో అమృత్, గోవాలో పాల్ జాన్ వాళ్ల పీపాల్లోంచి ఏడాదికి సుమారు 10 శాతం ఆవిరైపోతుందంటారు. అంటే అయిదేళ్లకే పీపాలో నలభై శాతం గాలిలో కలిసిపోతుంది. అందుకే వాటిని అయిదారేళ్లకే దించేస్తారు, అందుకే మన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీ మాల్ట్ విస్కీ) మీద వయసు అంకె లేకపోయినా చిన్నచూపు చూడనక్కర్లేదు. మన గాజువాకలోనో భీమిలిలోనో గోడౌన్ కట్టి పీపాలు పెడితే పదకొండేళ్లకు మిగిలేది చెక్క రసమే.

సింగిల్ క్యాస్క్ కాబట్టి గొప్పదా అంటే, కాదు. ఈ మాట చాలామందికి నచ్చదు. డిస్టిలరీ వాళ్ల మామూలు 12 ఏళ్ల కల్ ఈలాలో చాలా పీపాలు కలుస్తాయి. బుట్ట మామిడిపళ్లు కొంటే తీపీ పులుపూ ఒకదానికొకటి సర్దుకుంటాయి, ఒకే చెట్టు కాయలు తెచ్చుకుంటే ఆ చెట్టు గుణం ఎలాంటిదైతే అదే ఇంటికొస్తుంది. పీపా అలిసిపోయినదైతే పదిహేనేళ్లు ఉంచినా పచ్చి స్పిరిట్ ఘాటు పోదు, బ్లెండర్ వద్దనుకున్న పీపా కూడా ఈ దారిలోనే మార్కెట్‌కి వస్తుంది. నువ్వు డబ్బు కట్టేది 'ఇలాంటిది ఇంకోటి లేదు' అన్నదానికి, 'ఇది బాగుంది' అన్నదానికి కాదు. అది తాగి నువ్వే తేల్చుకోవాలి. ఇంకో కిటుకు, లేబుల్ మీద షెర్రీ ఫినిష్ (షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో ఆఖరున కొన్నాళ్లు మాగబెట్టడం) లాంటిది కనిపిస్తే ఎన్ని నెలలు అని చూడు. చప్పగా ఉన్న సరుకును ఆఖర్లో ఒక ఘాటైన షెర్రీ పీపాలోకి మార్చి ముదురు రంగు తెప్పించి సింగిల్ క్యాస్క్ అని అమ్మడం మామూలే. ఒకప్పుడు షెర్రీ పీపాల్లోనే స్పెయిన్ నుంచి బ్రిటన్‌కి వచ్చేది, ఆ ఖాళీ పీపాలే విస్కీకి దొరికేవి. 1980ల నుంచి షెర్రీ స్పెయిన్‌లోనే బాటిల్‌లో నింపి పంపుతున్నారు, ఇప్పుడు వచ్చేవి విస్కీ కోసమని షెర్రీ పోసి నానబెట్టిన పీపాలు. వాటిలో మంచివీ ఉంటాయి, ఎండుద్రాక్ష రసంలో ముంచినట్టుండేవీ ఉంటాయి. నా ఓటు ఎప్పుడూ నీ బాటిల్ లాంటి లేత రంగు రీఫిల్‌కే, అందులో డిస్టిలరీ గుణం దాక్కోదు.

ఇక అసలు సంగతి, గది. వైజాగ్‌లో బాటిల్ కంటే గదే ఎక్కువ చెడగొడుతుంది గురూ. ముప్పైమూడు డిగ్రీల ఉక్కలో 58 శాతం స్పిరిట్ గ్లాసులో పోస్తే ముందు ఎగిసేది ఆల్కహాలే, ముక్కు మంటెక్కి ఇంకేదీ తెలియదు, 'ఘాటుగా ఉంది, కోక్ పొయ్యి' అనేస్తాడు మీవాడు. గంట ముందే ఏసీ 24లో పెట్టి గది చల్లబడ్డాక సీలింగ్ ఫ్యాన్ ఆపెయ్. ఇది ఎవరూ చెప్పరు, గ్లాసు పైన పోగయ్యే వాసనంతా ఫ్యాన్ గాలి ఊడ్చుకుపోతుంది. దోమల మందు, అగరుబత్తి, రూమ్ స్ప్రే, ఒంటి మీద సెంటు వద్దు. వంటింట్లో చేపల వేపుడు అవుతుంటే ఆ రోజుకి బాటిల్ తియ్యకపోవడమే మేలు. గ్లాసులు పొట్ట ఉండి మూతి సన్నగా ఉండేవి కావాలి, దొరక్కపోతే చిన్న వైన్ గ్లాసులు చాలు, వెడల్పుగా తెరుచుకుని ఉండే విస్కీ గ్లాసు వద్దు. వేడినీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టు, గిన్నెల సబ్బు నిమ్మ వాసన అంటుకుంటే అదే టేస్టింగ్ నోట్ అవుతుంది.

తలా 20 మిల్లీ పొయ్యి, అంతకంటే వద్దు. పోశాక పది నిమిషాలు ముట్టుకోకు. తర్వాత గ్లాసును గడ్డం దగ్గర పెట్టుకుని మెల్లగా పైకి తీసుకురా, నోరు కొంచెం తెరిచి వాసన చూస్తే మంట తగ్గుతుంది. మొదటి గుక్క అర చెంచా కంటే తక్కువ, నాలుక మీద కాసేపు ఉంచి చప్పరించు. ఇది రుచి కోసం కాదు, నోటిని సిద్ధం చెయ్యడానికి, రెండో గుక్క నుంచే తీర్పు.

నీళ్లు తప్పకుండా కలపాలి, సోడా వద్దు. 'రా' కొట్టేవాడే మగాడు అనే మాట ఈ టేబుల్ దగ్గర పనికిరాదు. మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొనుక్కో. 20 మిల్లీకి 2 మిల్లీ మంచినీళ్లు వేస్తే 58.3 కాస్తా 53కి దిగుతుంది. వాసన చూడు, రాసుకో. ఇంకో 3 మిల్లీ, అంటే మొత్తం 5, వేస్తే 46 పైన ఆగుతుంది. దీనికి శాస్త్రం కూడా ఉంది. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ మీద లెక్కకట్టి చూపించింది ఏమిటంటే, పొగ వాసనకు కారణాల్లో ఒకటైన గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ ఎక్కువున్నప్పుడు ద్రవం లోపల కలిసిపోయి ఉంటుంది, నీళ్లు కలిపి పలచన చేసేకొద్దీ పైకి చేరుతుంది. కల్ ఈలాలో నువ్వు వెతికేది సరిగ్గా దాన్నే. క్యాన్ నీళ్లు చాలు, బోరు నీళ్లు మాత్రం వద్దు, ఉప్పదనం తెలిసిపోతుంది.

ఏం వాసన రావాలి అని అడిగావు. ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో హెదర్ పువ్వు, గూస్‌బెర్రీ అని రాస్తారు, మనం ఎప్పుడూ చూడనివి అవి, వాటిని వెతుక్కుంటూ కూర్చోకు. ఆర్‌కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కాల్చి, నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది రుద్ది ఇస్తాడే, అందులోంచి కారం తీసెయ్: బొగ్గుల పొగ, కాలిన తొక్క, నిమ్మ, ఉప్పు, వెనకాల సముద్రం. కల్ ఈలాకి ఇంతకంటే దగ్గరి వర్ణన నాకు తెలియదు. నీళ్లు కలిపాక ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు పూసే తారు, కాస్త టించర్ వాసన, చివర్లో చల్లారిన బూడిద రావచ్చు. నోట్లో నూనెలా పట్టుకుంటుంది, అది మంచి గుర్తు. నలుగురూ విడివిడిగా కాగితం మీద రాసుకుని తర్వాత చదవండి, ముందే ఒకడు 'పొగ' అని అరిస్తే మిగతా ముగ్గురికీ పొగే కనపడుతుంది. వీలైతే పక్కన ఏదైనా మామూలు స్కాచ్ కూడా పెట్టి, ఎవరో ఒకరు పేర్లు చెప్పకుండా పోసి ఇవ్వాలి. ఖరీదైనది ఏదో తెలియనప్పుడు నోరు నిజం చెప్తుంది.

ఆర్మన్యాక్ దగ్గరికొద్దాం. మన ఆంధ్రాలో బ్రాందీ అంటే జలుబుకి చెంచాడు పట్టేది లేదా షాపులో క్వార్టర్. ఆ క్వార్టర్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ స్పిరిట్, ద్రాక్ష వాటా కొద్దిగానే. నీ బాటిల్ పూర్తిగా ద్రాక్ష వైన్‌ని కాచినది, ఫ్రాన్స్ నైరుతి మూల గాస్కనీ ప్రాంతానిది. ఫ్రాన్స్‌దే ఇంకో బ్రాందీ కోన్యాక్‌ని రాగి కుండలో రెండుసార్లు కాచి 72 శాతం దాకా తీస్తారు, ఆర్మన్యాక్‌ని ఎక్కువగా కాలమ్ స్టిల్ అనే నిలువు గొట్టం లాంటి బట్టీలో ఒక్కసారే కాచి 52 నుంచి 60 దగ్గర ఆపుతారు. తక్కువ శుద్ధి అయ్యింది కాబట్టి కుర్రతనంలో మోటుగా ఉంటుంది, కానీ ఆ మోటుతనమే ఇరవయ్యేళ్ల తర్వాత లోతుగా మారుతుంది. నన్నడిగితే అదే ధరకి కోన్యాక్ ఎక్స్ఓ కంటే ఆర్మన్యాక్‌లోనే ఎక్కువ దక్కుతుంది, పెద్ద కంపెనీల ప్రకటనల ఖర్చు దీని మీద అంతగా పడలేదు.

వయసు లెక్క: 1998 అంటే ఆ ఏడాది ద్రాక్ష కోత. ఆ చలికాలంలో కాచి పీపాలో పోసి, 2021లో బయటికి తీశారు. కాబట్టి దాని వయసు ఇరవై రెండేళ్లు పైచిలుకు, ఇవాళ కాదు ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత తెరిచినా అంతే. గాజులో పడ్డాక మాగడం ఉండదు, విస్కీకైనా ఇంతే. అందుకే పెద్దక్షరాల 1998 కంటే వెనక ఉన్న చిన్న 2021 ముఖ్యం. బాటిలింగ్ తేదీ లేని పాత సంవత్సరం లేబుల్ చూస్తే నేను జేబులోంచి చెయ్యి తియ్యను. ఎక్స్ఓతో పోలిక అంటావా, కోన్యాక్‌లో ఎక్స్ఓకి కనీసం పదేళ్లు ఉండాలి, 2018 ముందు ఆరేళ్లే ఉండేది, ఆర్మన్యాక్ ఎక్స్ఓకీ పదేళ్లే. నీది దానికి రెట్టింపు దాటింది. కోన్యాక్‌లో కొంచెం చక్కెర, కారమెల్, ఓక్ చెక్క కషాయం కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయని కూడా తెలుసుకో, నోట్లో పెట్టగానే సిరప్‌లా జారిపోయే నున్నదనం చాలాసార్లు వయసు వల్ల వచ్చింది కాదు. లేబుల్ మీద శాతం చూడు. 40 ఉంటే నీళ్లతో దించారు, 46.8 లాంటి విడి అంకె ఉంటే పీపాలోంచి వచ్చినట్టే నింపి ఉండొచ్చు. సింగిల్ క్యాస్క్ పిచ్చి ఇటు వైపూ ఉంది, ఆర్మన్యాక్‌లో డరోజ్, కోన్యాక్‌లో గ్రోస్‌పెరాన్ లాంటివాళ్లు రైతుల దగ్గర పాత పీపాలు వెతికి కొని విడివిడిగా నింపుతారు.

వాసనలో ముందు రేగి వడియాలు, మామిడి తాండ్ర, ఎండు ఖర్జూరం, తర్వాత జాజికాయ, వక్క. కాసేపు ఆగితే అడుగున ఒక వింత వాసన పైకొస్తుంది, నిలవున్న నెయ్యి, అక్రోట్, తడి పుట్టగొడుగు, అమ్మమ్మ చెక్క బీరువా తెరిచినప్పటిది. దాన్ని రాన్సియో అంటారు, ఏళ్ల తరబడి పీపాలో గాలి తగిలితేనే వస్తుంది, అది దొరికితే నీ డబ్బులు వసూలు. నాలుక పక్కన కాస్త వగరు ఉంటుంది, ఓక్ చెక్క వగరు, కొత్త పీపాలో ఎక్కువకాలం ఉంచేస్తే అది మితిమీరుతుంది కాబట్టే తెలిసినవాళ్లు కొన్నేళ్లకు పాత పీపాలోకి మార్చేస్తారు. నీళ్లు చుక్కలుగానే వెయ్యి, ఒక్కసారి పోస్తే విరిగిపోయినట్టవుతుంది. పెద్ద బెలూన్ గ్లాసు పట్టుకుని అరచేత్తో వేడి చెయ్యడం ఫ్రాన్స్ చలికాలానికి సరిపోతుందేమో, మన ఊళ్లో అక్కర్లేదు.

ఏది ముందు అంటే, బ్రాందీ. భోజనం తర్వాత ఆఖరున తాగేది బ్రాందీ అని మీవాళ్లు వాదిస్తారు, కానీ కల్ ఈలా పొగ ఒకసారి నోట్లో పడితే తర్వాత ఏం తాగినా ఆ బూడిదే తగులుతుంది. ఆర్మన్యాక్ అయ్యాక ఇరవై నిమిషాలు ఆగి, నీళ్లు తాగి, గ్లాసులు మార్చి విస్కీకి వెళ్లండి. మంచింగ్ విషయం తేల్చేస్తా: టేస్టింగ్ అయ్యేదాకా ఉల్లిపాయ, మసాలా పల్లీలు, అపోలో ఫిష్ ఏవీ టేబుల్ మీద పెట్టొద్దు, ముందు కడుపులో నాలుగు ఇడ్లీలు ఉంటే చాలు. ఆర్మన్యాక్ పక్కన చిన్న ముక్క మాడుగుల హల్వా మాత్రం పెట్టుకుని చూడు, ఆ నెయ్యీ ఆ జీడిపప్పూ దానికి భలే కలుస్తాయి. వెళ్లేటప్పుడు బండి తియ్యకుండా క్యాబ్ మాట్లాడుకోండి.

మిగిలినది నిలబెట్టే దాచు, పడుకోబెడితే ఘాటు ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. అటక మీద వద్దు, మే నెలలో శ్లాబు కింద అది పొయ్యి. అట్టపెట్టెతో సహా బీరువా అడుగు అరలో పెట్టు. సగం దిగాక గాలి ఎక్కువై వాసన చప్పబడటం మొదలవుతుంది, అప్పుడు హోమియో మందుల షాపులో దొరికే చిన్న గాజు సీసాల్లో అంచుదాకా నింపి పెట్టుకో.

ఇంకోటి తెప్పించాలా అంటే, ఇదే బాటిల్ మళ్లీ దొరకడం కష్టం, 268 అయిపోతే ఆ పీపా కథ అయిపోయినట్టే. శనివారం నలుగురి కాగితాలూ చూసుకో. కల్ ఈలా నచ్చితే మీ బావగారికి బాట్లర్ పేరు కాదు, డిస్టిలరీ, రీఫిల్ హాగ్స్‌హెడ్, పది నుంచి పదమూడేళ్లు, ఈ మూడు ముక్కలే చెప్పు, ఎవరు నింపినా ఆ చుట్టుపక్కల రుచే వస్తుంది. ఆర్మన్యాక్ నచ్చితే బాటిలింగ్ తేదీ ఉన్నదే తీసుకోమను. ఒక్కరికి డ్యూటీ లేకుండా 2 లీటర్లే, 700 మిల్లీవి మూడు తెస్తే 2.1 అవుతుంది, ఆ వంద మిల్లీ కోసం కస్టమ్స్ దగ్గర నిలబడొద్దని, రెండే తెమ్మని చెప్పు. బిల్లు పారెయ్యొద్దని కూడా చెప్పు.